రెండు వందల ముప్పై డిగ్రీలు

ఒకే రాతిముక్కలో రెండు ఖనిజాలు. కిందిది నూట అరవై డిగ్రీలంటుంది, దాని నెత్తిమీద కూర్చున్నది రెండు వందల ముప్పై అంటుంది, బోరులోకి దించిన థర్మామీటరు మాత్రం యాభై ఒకటి దగ్గర ఆగిపోయింది. ముగ్గురిలో ఎవరి మాట నమ్మాలో తెలియక ఆ మూడు వారాలూ నేను మనిషిలో మనిషిని కాను.

నా పేరు ఎస్తర్ రాణి. జియాలజీ చదివి, భూమి లోపలి వేడిని వెతికే ఒక చిన్న ప్రాజెక్టులో పనిచేస్తున్నాను. రోలుగుంట అవతల ఒక ఊళ్ళో పొలం బోరులోంచి గోరువెచ్చటి నీళ్ళు వస్తున్నాయని తెలిసి, ఆ పక్కనే మేము ఆరు వందల మీటర్ల లోతు పరిశోధన బోరు వేశాం. దాంట్లోంచి పైకొచ్చిన రాతి ముక్కలు గుడ్డ సంచుల్లో నర్సీపట్నంలో మేం అద్దెకు తీసుకున్న మేడగదికి చేరాయి. మొత్తం ఎనభై సంచులు. గదిలో ఒక మైక్రోస్కోపు, దాని కింద రాతిపలకను వేడి చేసే చిన్న బిళ్ళ, నేను, కరెంటు పోయినప్పుడల్లా నేను తిట్టే తిట్లు. మా ఆఫీసంటే ఇంతే.

రాయంటే లోపలంతా గట్టిగా, నిండుగా ఉంటుందని అందరూ అనుకుంటారు. కాదు. వేడినీళ్ళలో ఖనిజం పెరిగేటప్పుడు ఆ నీటిబొట్లు కొన్ని దాని లోపల చిక్కుకుపోతాయి. వెంట్రుక మందంలో పదోవంతు కూడా ఉండవు. రాయి చల్లారాక లోపలి నీరు కుంచించుకుపోతుంది గనుక ప్రతి బొట్టులోనూ ఒక బుడగ పుడుతుంది. తాపీమేస్త్రీ మట్టం చూసే గొట్టంలో బుడగ ఉంటుందే, అచ్చం అలాగే. ఆ రాయిని మైక్రోస్కోపు కింద పెట్టి మెల్లగా వేడి చేస్తూ పోతే నీరు మళ్ళీ ఉబ్బుతుంది, బుడగ చిన్నదవుతూ అవుతూ ఒకచోట మాయమవుతుంది. అది మాయమైన డిగ్రీ రాసుకుంటాం. ఆ ఖనిజం పెరిగిన రోజుల్లో భూమి లోపలి నీళ్ళు కనీసం అంత వేడిగా ఉండేవని అర్థం.

మా రాళ్ళలో ముందు పెరిగింది క్వార్ట్జ్, అంటే పలుగురాయి. దాని మీద తర్వాత ఎప్పుడో పేరుకున్నది కాల్సైట్, సున్నపు జాతి ఖనిజం. కాబట్టి క్వార్ట్జ్ చెప్పేది పాత కబురు, కాల్సైట్ చెప్పేది కొత్త కబురు. పాత కబురు నూట అరవై, కొత్త కబురు రెండు వందల ముప్పై. అంటే ఆ ఊరి కింద వేడి తగ్గడం మాని పెరుగుతోందన్నమాట. ఇలాంటిది ఎవరికి దొరుకుతుంది చెప్పండి? మొదటిసారి ఆ అంకె చూసినప్పుడు ఒక్కదాన్నే గదిలో అటూ ఇటూ తిరిగాను. సంతోషం పట్టలేకపోయాను. ఆ మాట దాచడమెందుకు.

వెంటనే మా ప్రాజెక్టు పెద్ద సూర్యప్రకాష్ గారికి ఫోన్ చేశాను. ఆయన విశాఖలో ఉంటారు. ఎప్పుడూ తొందరలో ఉంటారు.

“గుడ్. మరి బోరులో యాభై ఒకటే ఉందేంటి?” అన్నారు.

“అదే నాకూ అర్థం కావట్లేదు సార్.”

“అర్థం కాకపోవడానికి ఏముంది? డ్రిల్లింగప్పుడు నెలరోజులు చన్నీళ్ళు పంపాం. బోరు ఇంకా చల్లగానే ఉంటుంది. పైగా మన బోరు భూమి లోపలి రాతి పగులుకి పక్కగా పడింది. వేడి వచ్చేది ఆ పగుల్లోంచే. రెండో బోరు సరిగ్గా దాని మీద వెయ్యాలి.”

ఆ పగులు ఎటు పోతుందో మ్యాపులో నేనే గీశాను. అది నేరుగా అప్పయమ్మ గారి జీడితోట కిందికి పోతుంది.

అప్పయమ్మ గారి గురించి చెప్పాలి. అరవై దాటిన మనిషి. మాకు బోరుకి స్థలం ఇచ్చిందీ ఆవిడే, డ్రిల్లింగు జరిగినన్నాళ్ళూ మా అందరికీ మజ్జిగ పోసిందీ ఆవిడే. ఆవిడా, ఆవిడ కోడలు లోవలక్ష్మీ రేకుల షెడ్డులో పెద్ద ఇనప మూకుడు పెట్టి జీడిపిక్కలు కాలుస్తారు. పిక్క తొక్కలోంచి కారే నూనె చేతిమీద పడితే చర్మం లేచిపోతుంది. ఆ పొగ గొంతులో దిగితే దగ్గు ఆగదు. లోవలక్ష్మికి ముప్పై ఏళ్ళు కూడా లేవు, నాలుగు మాటలు మాట్లాడితే మూడుసార్లు దగ్గుతుంది. పొగకి దూరంగా ఉండకపోతే ఊపిరితిత్తులు పాడవుతాయని డాక్టరు చెప్పాడట. దూరంగా ఉంటే కాల్చేదెవరని ఈ పిల్ల అడిగిందట. డాక్టరు దగ్గర దానికి మందు లేకపోయింది.

మా ప్రాజెక్టు ఆ ఊరివాళ్ళకి ఒకే ఒక్క మాట ఇచ్చింది. కింద గట్టి వేడి ఉంటే, ఆ ఆవిరితో పిక్కలు ఉడికించే షెడ్డు ఒకటి కడతాం. పొగ ఉండదు, నూనె చిమ్మదు. ఆ మాట సూర్యప్రకాష్ గారు మీటింగులో చెబుతుంటే అప్పయమ్మ గారు ఆయన మొహం చూడలేదు, కోడలి మొహం చూశారు. నేను చూశాను.

ఇప్పుడు రెండో బోరు తోటలో పడాలంటే, లారీ లోపలికి రావడానికీ, మిషను నిలబెట్టడానికీ, బురద గుంట తవ్వడానికీ ఇరవై రెండు చెట్లు పోవాలి. పూత మీదున్న చెట్లు. వేడి నిజమైతే ఆ చెట్లకి బదులు లోవలక్ష్మి ఊపిరి దక్కుతుంది. నిజం కాకపోతే చెట్లూ పోతాయి, పొగా మిగులుతుంది. తూకం అంతే. ఆ తూకంలో వేసే రాయి నా దగ్గరుంది.

ఆ వారంలోనే ఒకరోజు అత్తాకోడళ్ళిద్దరూ ఆసుపత్రి పని మీద నర్సీపట్నం వచ్చి, మధ్యాహ్నం మా మేడ మెట్లెక్కారు. లోవలక్ష్మి పైకి వచ్చేసరికి గుమ్మం దగ్గరే కూలబడి ఊపిరి తీసుకుంది. నేను మంచినీళ్ళిచ్చాను.

“ఏటమ్మా, మా రాళ్ళు ఏటంటన్నాయి?” అన్నారు అప్పయమ్మ గారు, సంచులన్నీ కలయజూస్తూ.

“వేడి ఉందనే అంటున్నాయి పెద్దమ్మా.”

“నాకోసారి సూపించు.”

మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. ఆవిడ ఒక కన్ను చేత్తో మూసుకుని, రెండోది అద్దానికి ఆనించి చాలాసేపు చూశారు. కాల్సైట్‌లో బుడగ కనబడుతోంది. నేను వేడి పెంచుతూ పోయాను. నూట యాభై, రెండు వందలు, రెండు వందల ఇరవై.

“సిన్నదైపోతంది,” అన్నారు. కాసేపాగి, “పోయింది,” అన్నారు.

“పోయిన చోట ఎంతుందో చూడండి. రెండు వందల ముప్పై ఒకటి.”

“నీళ్ళు మరిగేది నూరు కాడ కదా?”

“అవును. కింద ఒత్తిడి ఎక్కువ కాబట్టి అంత వేడిలోనూ నీళ్ళుగానే ఉంటాయి. పైకి తెస్తే ఆవిరి.”

ఆవిడ కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగారు. “అమ్మా, నాకు ఈ సదువులేవీ తెల్వవు. ఆ సెట్లు మా ఆయన పాతినవి. నాను ఒక్క మాటే అడుగుతాను. నిజింగా ఉందా?”

నాకు అప్పటికే అనుమానాలు లేకపోలేదు. అవన్నీ ఆవిడకి చెప్పొచ్చు. కానీ గుమ్మం దగ్గర లోవలక్ష్మి దగ్గుతోంది, చేతిలో ఆ అంకె మెరుస్తోంది, పైగా నాకు వచ్చిన మొట్టమొదటి గొప్ప ఫలితం అది. “ఉంది,” అన్నాను.

“అయితే కొట్టించెయ్యండి,” అన్నారు ఆవిడ. కోడలి భుజం మీద చెయ్యేసి మెట్లు దిగి వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక మొదలైంది నా తిప్పలు. అనుమానమంటే ఒకటి కాదు. కాల్సైట్ పక్కనే, దాంతోపాటే పెరిగిన తెల్లటి ఖనిజం ఒకటి ఉంది. జియోలైట్ జాతి. అది వేడికి తట్టుకునే రకం కాదు. రెండు వందలు దాటితే నిలవదు, ఇంకోలా మారిపోతుంది. మరి రెండు వందల ముప్పైలో ఇది చెక్కుచెదరకుండా ఎలా ఉంది? చిన్నపిల్లల కొట్లాటలో ఎవరు ముందు కొట్టారో తేల్చలేని పంతులమ్మలా ఆ ముక్కను పట్టుకుని కూర్చున్నాను.

సూర్యప్రకాష్ గారిని అడిగితే, “అది చాలా తర్వాత, చల్లారాక పెరిగుంటుంది” అన్నారు. “కాదు సార్, రెండూ ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి” అన్నాను. “అలా కనబడతాయమ్మా” అన్నారు. కనబడేది నమ్మకపోతే మైక్రోస్కోపు ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ మాట మనసులోనే అనుకున్నాను.

రెండో అనుమానం ఇంకా చెడ్డది. ఒకే కాల్సైట్ పలుకులో, పక్కపక్కనే ఉన్న నీటిబొట్లు ఒకటి నూట నలభై అంటే ఇంకొకటి రెండు వందల అరవై అంటుంది. ఒకే రోజున ఒకే నీటిలో పుట్టినవి ఒకే మాట చెప్పాలి కదా. క్వార్ట్జ్‌లోవి బుద్ధిగా చెప్పాయి. ఎన్ని కొలిచినా నూట యాభై ఎనిమిదికీ నూట అరవై ఆరుకీ మధ్యే. కాల్సైట్‌లోవి సంతలో బేరాల్లా తలోమాట. మరీ తక్కువ చెప్పినవాటినీ మరీ ఎక్కువ చెప్పినవాటినీ పాడైన బొట్లని కొట్టేశాను. మధ్యలో మిగిలినవాటికి సగటు కడితే వచ్చిందే ఆ రెండు వందల ముప్పై. నా సంతోషమంతా అలా ఏరుకున్న అంకె మీద నిలబడి ఉంది. ఆ సంగతి రాత్రి పడుకుంటే గుర్తొస్తుంది, పొద్దున్న లేస్తే మరిచిపోతాను.

మళ్ళీ కొలిచాను. కొత్త పలకలు కోసి, సానబెట్టి కొలిచాను. ఒకరోజు క్వార్ట్జ్ తప్పనిపించింది, ఒకరోజు కాల్సైట్ తప్పనిపించింది, ఒకరోజు నేనే తప్పనిపించింది. వేడిబిళ్ళే చెడిపోయిందేమోనని, ఏ డిగ్రీ దగ్గర కరగాలో తెలిసిన రసాయనం పెట్టి చూశాను. చక్కగా చెప్పిన దగ్గరే కరిగింది. మిషను మీద నేరం మోపే వీలు కూడా లేకుండా పోయింది. ఆదివారం చర్చిలో అందరూ మోకరించి ప్రార్థన చేస్తుంటే నేను కళ్ళు మూసుకుని బుడగలు లెక్కబెట్టాను. దేవుడు క్షమించాలి.

ఈలోగా రెండో బోరుకి తేదీ పడింది. సోమవారం పొద్దున్న చెట్లు కొట్టే మనుషులు వస్తారు, మంగళవారం లారీ వస్తుంది. రిపోర్టు శనివారానికి కావాలన్నారు. నేను రాయడం మొదలుపెట్టాను. 

శుక్రవారం సాయంత్రం సోములు వచ్చాడు. మా బోరు దగ్గర రాతి ముక్కలు కడిగి, సంచుల్లో పోసి, లోతు రాసి కట్టే పని అతనిది. యాభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. చేతిలో నాలుగు సంచులున్నాయి. అటకమీద మరిచిపోయానని చెప్పి నా బల్లమీద పెట్టాడు. బూజు కంపు గుప్పుమంది. గుడ్డ పచ్చగా మారి, లోతు రాసిన చీటీ సగం చివికిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. “ఏంటి సోములు గారూ ఇది? మిగతావన్నీ అంత శుభ్రంగా ఇచ్చి ఇవి ఇలా కుళ్ళబెట్టారేంటి?”

“అవి ఆరినాయండీ. ఇవి ఆరబెట్టడానికి ఇవ్వడం మరిసిపోయినానండి.”

“ఎవరికి ఇవ్వడం?”

“అప్పయమ్మ గారికండీ.”

నేను పెన్ను కింద పెట్టాను. “ఆవిడ ఎక్కడ ఆరబెట్టారు?”

సోములుకి నా గొంతులో తేడా తెలిసింది. నెమ్మదిగా చెప్పాడు. “తమకి తెల్దేటండీ? అప్పుడు ముసురు కదండీ, పన్నెండు దినాలు ఎండ లేదు. సంచులన్నీ బూజట్టేత్తన్నాయి, సీటీలు సివికిపోతన్నాయి. మేడం తిడతారని నాను బయపడతంటే, అప్పయమ్మ గారు, ‘ఇలగ తే, బేగి ఆరిపోద్ది’ అని పిక్కల మూకుడు సుబ్బరంగా తోమేసి, అందులో ఏపి ఇచ్చినారండీ. ఒకో సంచీ ఏరే ఏరేగా. ఒక్క గింజ కలవనివ్వలేదండీ. సీటీలు కూడా మళ్ళీ ఆవిడ మనవడి సేత రాయించినారు.”

“వేయించారా?”

“అవునండీ. ఆవిడ గరిటె తిప్పతంటే నాను సూసినాను. కొన్ని రాళ్ళు పేలాల్లాగ సిటపటలాడినాయండి. ఆవిడ నవ్వీసి, ఇవీ పిక్కల్లాగే ఉన్నాయని అన్నారు.”

  పేలిన ఆ చప్పుడు ఏమిటో ఈ భూమ్మీద నాకు తెలిసినంత బాగా కొద్దిమందికే తెలుసు. కాల్సైట్ మెత్తటి రాయి. మూకుడు వేడికి లోపలి నీరు ఉబ్బి గోడల్ని తంతే కొన్ని బొట్లు పగిలిపోయాయి. పగలనివి సాగిపోయాయి. ఒకసారి సాగిన బనీను మళ్ళీ ఒంటికి అతకనట్టే, పెద్దదైన ఆ గదిని నింపడానికి నీటికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. అందుకే తలోమాట. క్వార్ట్జ్ గట్టిది గనుక తట్టుకుని నిజమే చెప్పింది. తెల్లటి జియోలైట్ మూకుట్లో ఉన్న నాలుగు నిమిషాల్లో మారడానికి టైము చాలక అలాగే ఉండిపోయింది. మూడు వారాలుగా నేను కొలిచింది భూమి వేడి కాదు, అప్పయమ్మ గారి మూకుడు వేడి.

అంతకన్నా సిగ్గుచేటు సంగతి ఇంకోటుంది. బల్లమీద నా రిపోర్టు తెరిచి ఉంది. మొదటి పేజీలో నా చేత్తో రాసిన వాక్యం: ‘నమూనాలన్నిటినీ నీడలో, గాలికి ఆరబెట్టడమైనది.’ ఆ మాట నాకెవరూ చెప్పలేదు. నేనెవరినీ అడగలేదు. ప్రతి రిపోర్టులోనూ అలాగే రాస్తారు గనుక నేనూ రాశాను.

సోములుని ఇంటికి పంపించి, ఆ బూజు సంచుల్లోంచి కాల్సైట్ ముక్కలు ఏరాను. మూకుడు చూడని ముక్కలు అవే. మర్నాడు పొద్దున్న తెల్లవారగానే పలకలు కోసి, సానబెట్టి, పది గంటలకి మొదటిది వేడిబిళ్ళ మీద పెట్టాను. ఎనభై, తొంభై. తొంభై ఐదు దగ్గర బుడగ మాయమైంది. రెండోది తొంభై మూడు. తర్వాతది తొంభై ఆరు. ఇరవై బొట్లు కొలిచాను. అన్నీ ఒకటే మాట.

అప్పుడు అంతా ఒక వరసలో పడింది. ఒకప్పుడు నూట అరవై, తర్వాతెప్పుడో తొంభై ఐదు, ఇవాళ యాభై ఒకటి. జ్వరం దిగిపోతున్న చార్టులా. ఆ ఊరి కింద వేడి ఉండేది నిజమే. అది మనుషులెవరూ లేని కాలం నుంచీ చల్లారుతూనే వస్తోంది. థర్మామీటరు మొదటిరోజే నిజం చెప్పింది. నాకు ఇష్టంలేని నిజం కాబట్టి నేను దానికి చెవి ఒగ్గలేదు.

సూర్యప్రకాష్ గారికి ఫోన్ చేశాను. ఆయన ముందు నమ్మలేదు, తర్వాత అరిచారు. “సరే, లారీ ఆపిస్తాను. చెట్లు సోమవారం కదా, టైముంది” అన్నారు. నాకూ అదే ధైర్యం. ఈ మాట ఫోనులో చెప్పకూడదు, ఎదురుగా నిలబడి చెప్పాలని నిశ్చయించుకుని, మధ్యాహ్నం ఆటో మాట్లాడుకుని బయల్దేరాను.

దారిపొడుగునా ఏం చెప్పాలా అని ఆలోచించాను. మీరు వేయించబట్టే ఇలా అయిందని చెప్పాలా? మంచికి పోయిన మనిషి మొహం మీద ఆ మాట ఎలా అనడం? మా మిషను చెడిపోయిందని చెబితే సరిపోతుంది. ఆవిడకి తెలిసే దారి లేదు. అలా అనుకున్నాక కాస్త తేలికపడ్డాను కూడా. అబద్ధం ఎంత తొందరగా కుదురుకుంటుందో చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

ఊరు దాటి తోట మలుపు తిరిగేసరికి ఆకాశం ఎక్కువగా కనబడింది. ముందు దారి తప్పామనుకున్నాను. చెట్లుండాల్సిన చోట వెలుతురు ఉంది. ఆటో దిగి లోపలికి నడిస్తే పడిపోయిన కొమ్మల మీద పూత ఇంకా వాడలేదు. గొడ్డళ్ళు పక్కన పెట్టి నలుగురు మనుషులు నీడలో కూర్చుని ఉన్నారు. నేను లెక్కబెట్టాను. పదిహేడు నేలమీద ఉన్నాయి, ఐదు నిలబడి ఉన్నాయి.

అప్పయమ్మ గారు ఒక మొద్దు మీద కూర్చున్నారు. చేతులకి పసుపు అంటి ఉంది.

“సోమవారం కదా పెద్దమ్మా,” అన్నాను. 

“సోమారం అమాస కదమ్మా. కాపు సెట్టు మీద పరాయోల సెయ్యి ముందు పడకూడదు, అమాస నాడు అసలే పడకూడదు. అందుకని ఈ పొద్దున్నే పసుపు రాసి, దండం ఎట్టుకుని, పతి సెట్టుకీ మొదటి దెబ్బ నానే ఏసినాను.” ఆవిడ తన అరచేతులు చూసుకున్నారు. “పన్నెండింటికి సోములు ఫోను సేసినాడు. ఆపీమన్నాడు. ఆపీసినాను.”

పన్నెండింటికి నేను సూర్యప్రకాష్ గారితో మాట్లాడుతున్నాను. ఖాళీ సంచుల కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డ సోములు ఆ మాటలన్నీ విన్నాడు. ఆవిడకి ఫోన్ చెయ్యాలని నాకు తట్టలేదు, సోములుకి తట్టింది. ఆ ఐదు చెట్లూ అందుకే మిగిలాయి.

“మా మిషను...” అని మొదలుపెట్టాను.

“నాను ఏపినందుకేనట కదా?” అన్నారు ఆవిడ.

కోపంగా అన్లేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని, నాకు అలవాటే. ఆవిడ నిజంగా తెలుసుకోవాలని అడిగారు. నేను ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నాను.

“అవును. కానీ తప్పు మీది కాదు. నాది.”

“ఆ రాయేటి సెప్పిందో నువ్వు నాలుగు వారాలు సూసినావు. ఆ రాయిని నానేటి సేసినానో ఒక్కసారి అడిగుంటే సెప్పేదాన్ని కదమ్మా. నీ కాడికి వచ్చినాను. నీ మిషనులో కన్నెట్టి సూసినాను. అప్పుడైనా అడిగినావు కాదు.”

మూడు వారాలే అని దిద్దబోయి ఊరుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవడానికి నాకు హక్కు లేదనిపించి తల వంచుకున్నాను. క్వార్ట్జ్‌ని అడిగాను, కాల్సైట్‌ని అడిగాను, జియోలైట్‌ని అడిగాను. అంత దగ్గరగా కూర్చున్న మనిషిని అడగలేదు. ఆవిడ దగ్గర జవాబు ఉంటుందని నాకు తోచనే లేదు. ఇదీ నా చదువు.

గొడ్డళ్ళవాళ్ళు లేచి, ఇంక పని లేనట్టేనా అని అడిగారు. అప్పయమ్మ గారు తలూపారు. వాళ్ళు పడిన కొమ్మల మధ్యనుంచి దారి చూసుకుంటూ వెళ్ళిపోయారు.

అప్పుడు లోవలక్ష్మి షెడ్డు వైపునుంచి వచ్చింది. నా కోసం గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. ఆ పిల్లకి ఎంత తెలుసో, ఎవరు ఎంత చెప్పారో నాకు తెలియదు. గ్లాసు నా చేతికిచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గు ఆగేదాకా ఆగింది.

“మరి మాకు ఆవిరి షెడ్డు రాదాండీ?” అంది.

అత్తగారు తల తిప్పి నా వైపు చూశారు. ఎప్పుడో వస్తుందని, ఇంకోచోట బోరు వేస్తామని, సార్‌తో మాట్లాడతానని చెప్పడానికి ఎన్నో మాటలు ఉన్నాయి. అన్నీ నోటిదాకా వచ్చాయి.

“రాదు,” అన్నాను.

మూడు వారాల్లో తడబడకుండా నేను చెప్పిన జవాబు అదొక్కటే. లోవలక్ష్మి తలూపి, మజ్జిగ తాగమని చేత్తో సైగ చేసి, పిక్కలు కాల్చడానికి షెడ్డులోకి వెళ్ళింది.